పక్కమంచం

వావిలాకు వేసి కాచిన నీళ్లు గోధుమరంగు తిరిగాయి. గురమ్మ చెంబు ముంచి, ముందు తన మోచేతి మీద కాస్త పోసుకొని వేడి చూసుకొని, ఆ తరువాత కోడలి వీపు మీద ధార కట్టింది. చిన్నతల్లి బండ మీద మోకాళ్లు దగ్గరకు ముడుచుకొని కూర్చుంది. ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులైంది. తల్లి లేని మనిషి కనుక పురుడు అత్తవారింటనే పోశారు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నా ఆమె "అబ్బా" అనదు. గురమ్మ అది కూడా మొండితనం కిందనే జమ కట్టుకునేది.

"ఆ సెయ్యి ఇలా ఇయ్యి" అంటూ ఎడమ చెయ్యి లాగి పసుపు రాయబోయి గురమ్మ ఆగిపోయింది. మణికట్టు చుట్టూ వేలెడు వెడల్పున చర్మం కమిలి నల్లబడి ఉంది.

"ఇదేటే?"

"ఏటీ నేదత్తా. గాజు ఒరుసుకున్నాది."

గాజు ఒరుసుకుంటే ఒక పక్క గీరుకుంటుంది గాని చుట్టూ పట్టీ వేసినట్టు కమలదు. గురమ్మ నీళ్లు పోయడం ముగించి, తల తుడిచి, నడికట్టు బిగించి కట్టి, కోడలిని ఎండలో కూర్చోబెట్టి, సాంబ్రాణి వెయ్యడానికి నిప్పుల చట్టి పట్టుకొని గదిలోకి వెళ్లింది. పక్క దులుపుదామని బొంత ఎత్తేసరికి మంచం కోడుకు ముడివేసిన పాత చీర అంచు కనపడింది. రెండో కొసన ఉచ్చులాగా ఒక ముడి ఉంది. అందులో ఒక ఆడదాని చెయ్యి సరిగ్గా పడుతుంది.

గురమ్మ ఆ పేలిక పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. చిన్నతల్లి చూసింది. చూసి, తల వంచుకుంది.

"పొద్దోయేక కట్టుకుంటన్నాను" అంది. "నిద్దట్లో పిల్లకేసి తిరిగిపోతానేమోనని బయమేస్తంది. ఇలా కట్టుకుంటే ఆ పక్కకి ఒళ్లు తిరగదు."

నిప్పుల మీద సాంబ్రాణి పొగ గదిలో కమ్ముకుంటున్నది. రెండేళ్ల కిందట, వరినాట్లు పడే ఉబాల రోజుల్లో, ఇదే గదిలో, ఇదే మంచం మీద మూడు నెలల మగబిడ్డ ఊపిరాడక పోయాడు. పాలిస్తూ పాలిస్తూ చిన్నతల్లి నిద్రపోయింది. వడ్లు దంచడానికి గురమ్మ పెరట్లోంచి కేకేస్తే ఉలిక్కిపడి లేచి, మూసిన కళ్లతోనే నడిచి వచ్చి రోకలి అందుకుంది. దంపుడు అయ్యాక లోపలికి వెళ్లిన మనిషి పెట్టిన కేక గురమ్మ చెవుల్లో ఇంకా ఉంది. ఆనాటి నుంచి ఊళ్లో ఏ బాలింతా చిన్నతల్లి చేతికి తన బిడ్డను అందివ్వలేదు. ఎవరింట్లో పేరంటమైనా ఆమెను గుమ్మం దగ్గరే కూర్చోబెట్టేవారు.

"అత్తా, పిల్లకి ఏరే మంచం సేయించు" అంది చిన్నతల్లి. "నా మంచం పక్కనే ఉండాల. పాలకేడిస్తే ఇనపడాల. గానీ నాను దొర్లినా నా ఒళ్లు దాని మీద పడకూడదు. నాలుగేపులా కమ్మీలెట్టించు."

"మంచమెందుకే? వసారాలో ఉయ్యాల ఏలాడదీస్తాను. పిల్ల నా దగ్గరే ఉంటాది. పాలకి నీకాడికి తెస్తాను."

గురమ్మ పదకొండు రోజులుగా మనసులో వేసుకున్న ఏర్పాటు అదే. చిన్నతల్లి ఎండలో చెయ్యి చాపి కమిలిన చోటు చూసుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం కళ్లంలోంచి లక్ష్ముడు భోజనానికి వచ్చాడు. తల నిండా వరిదుగ్గు. కొత్త రకం ఐ.ఆర్. ఎనిమిది మొదటిసారి వేసి, ఈ ఏడు రెండు కుప్పలు ఎక్కువ వేశాడని ఊరంతా వచ్చి చూసి పోతున్నారు. అతని ముఖంలో మాత్రం ఆ సంబరం లేదు. కంచం ముందు కూర్చున్న కొడుకుకు గురమ్మ ఉయ్యాల సంగతి చెప్పింది. పేలిక సంగతి కూడా చెప్పింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది లక్ష్ముడికి.

"ఉయ్యాలొద్దు" అన్నాడు చివరికి. "మంచమే. దాని పక్కనే ఏద్దాం. రేపు గోగునార బండి రాజాం ఎల్తాది. నువ్వూ రా అమ్మా, ఎంచుదువుగాని."

ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

*

జోగయ్య వడ్రంగి సాల రాజాంలో సంత వీధికి వెనక ఉంది. తాటాకు పందిరి కింద చితుకులు, పొట్టు, పచ్చికర్ర వాసన. జోగయ్య కాలి బొటనవేలితో దుంగను నొక్కిపట్టి బాడిసతో చెక్కుతున్నాడు. చంటిపిల్లకు అనగానే పని ఆపి, లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు.

ముందు ఉయ్యాల చూపించాడు. నాలుగు మూలలా ఇనుప గొలుసులు, పక్కలకు ఎరుపూ పచ్చా లక్క పూసిన చిన్న చిన్న కడ్డీలు. గురమ్మ ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా ఊగింది. ఆమె కళ్లు దాని మీదే ఉండిపోయాయి. తరువాత అడుగున వంపు బద్దలున్న తొట్టి చూపించాడు. లక్ష్ముడు కాలితో తాకి చూసి, పక్కకి ఒరుగుతున్నదన్నాడు.

"అయితే ఇది సూడండి" అంటూ జోగయ్య గోడవారనుంచి ఒక చిన్న మంచం లాగాడు. పనసకర్ర. పెద్ద మంచమంత ఎత్తు కోళ్లు, చుట్టూ జానెడెత్తు కమ్మీలు, నడుమ ఇంకా నార అల్లలేదు. "తాసిల్దారు గారోళ్లు సెయ్యమన్నారు. సగమయ్యేసరికి ఆరికి బదిలీ అయిపోనాది. తల్లి మంచానికి ఆనించీసుకోవచ్చు. పడుకొనే సెయ్యేసి జోకొట్టుకోవచ్చు."

లక్ష్ముడు గొంతుక్కూర్చున్నాడు. కోళ్లు పట్టుకొని కదిపాడు. కుసులు బిగువుగా ఉన్నాయో లేదో ఒక్కొక్క మూలా బొటనవేలితో తడిమాడు. కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా దూరింది.

"ఈ సందులు తగ్గించాల. కమ్మీలు ఇంకా ఎత్తుండాల."

"ఎంతెత్తు బాబూ? తల్లి ఒంగి పిల్లని తీసుకోవద్దా? నిద్దట్లో దొర్లే మనిసికి జానెడు కమ్మీ సాలు."

"తల్లి సంగతి కాదు" అన్నాడు లక్ష్ముడు. కమ్మీ మీద చెయ్యి ఆనించి, కర్రలోకి చూస్తూ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "పగటేల పొలంలోంచి అలిసొచ్చినోడు కళ్లు కానక నడుం వాల్చీకుండా ఉండాల. ఈగలని గుడ్డ కప్పుంటే, ఆ కింద పిల్లున్నాదో బొంతున్నాదో తెలవదు."

జోగయ్య నవ్వాడు. "పిల్ల మంచం మీద పెద్దోడెవుడు పడుకుంటాడు బాబూ!"

లక్ష్ముడు నవ్వలేదు. గురమ్మ చెయ్యి ఉయ్యాల గొలుసు మీద ఉంది. ఆ గొలుసు పట్టుకొనే ఆమె నిలబడింది.

ఈగలకని గుడ్డ కప్పిన మాట ఆ రోజు ఎవరూ అనలేదు. బిడ్డను చూసేసరికి గుడ్డ పక్కన నేలమీద పడి ఉంది. ఆ పైన ఆమెకు కొడుకు కాళ్లు గుర్తుకొచ్చాయి. పొలానికి మనిషిని పరిగెత్తిస్తే లక్ష్ముడు వచ్చాడు. ఉబాల రోజు. మోకాళ్ల దాకా దమ్ములో దిగినవాడి కాళ్లకు తడి బురద ఉండాలి. అతని కాళ్ల మీద బురద ఎండి తెల్లబడి పెళుసులు రాలుతున్నది. అది ఆమె ఆ రోజు చూసింది. చూసింది గాని, బిడ్డ శవం చేతుల్లో పెట్టుకొని ఎవరు అలాంటివి ఆలోచిస్తారు?

"ఏటమ్మా, ఉయ్యాలా మంచమా?" అని అడుగుతున్నాడు జోగయ్య.

"మంచమే" అంది గురమ్మ. "కమ్మీలు ఆడు సెప్పినట్టే సెయ్యి."

తిరుగు దారిలో బండి ఖాళీగా ఉండటాన చక్రాలు పెద్దగా చప్పుడు చేస్తున్నాయి. ఊరి పొలిమేర దాటి, చెరుకు తోటలు దాటి, రోడ్డు మీద మనుషులు పలచబడేదాకా గురమ్మ నోరు విప్పలేదు.

"ఒరే లక్ష్ముడూ. ఆ మద్దినేల నువ్వు ఇంటికొచ్చేవురా?"

అతని చేతిలో పగ్గాలు కాస్త బిగిశాయి. ఎడ్లు ఆగబోయి మళ్లీ నడిచాయి.

"ఒచ్చేను."

"ఎప్పుడు?"

"మీరు దంచతన్నప్పుడు. తెల్లారగట్ల నుంచి ఒంగుని ఒంగుని నడుం ఇరిగిపోనాది. కాసింతసేపు వాల్చి పోదామని ఈది గుమ్మంలోంచి ఒచ్చేను. గదిలో ఎవులూ నేరు. నడుం వాల్చినప్పుడు ఈపుకి ఏటో తగిలి కదిలినాది. పిల్లి పడుకున్నాదనుకున్నానమ్మా." అతని గొంతు మామూలుగానే ఉంది. ఎన్నోసార్లు తనకు తనే చెప్పుకున్న మాటలలాగా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. "ఆ మీద ఒళ్లు తెలవనేదు. లేసి గుడ్డ తీసి సూసేను. అప్పటికే అయిపోనాది. పొలానికి పరిగెత్తీసినాను."

"సెప్పనేదేటిరా!"

"సెప్పీదామనే ఒచ్చేనమ్మా. మనిసి ఒచ్చి పిలిస్తే, దారిపొడుగునా సెప్పీదామనే ఒచ్చేను. నాను ఈదిలోకి ఒచ్చేసరికి నువ్వు నట్టీదిలో నిలబడి అరుస్తన్నావు, నా కోడలు నిద్దర మత్తులో బిడ్డని నలిపీసినాదని. అందరూ దానికేసి సూస్తన్నారు. అదీ ఔననే అంటన్నాది. నా నోరు పడిపోనాది. ఆ పూట సెప్పనేదు. మర్నాడు సెప్పనేకపోనాను. ఆ తరవాత ఎలా సెప్పాలో తెలవనేదు."

గురమ్మ బండి అడుగున పరిచిన గడ్డి పరక ఒకటి తీసి ముక్కలు ముక్కలుగా తుంచింది. తుంచడం అయ్యాక ఇంకొకటి తీసింది. ఊరు వచ్చేదాకా ఆమె చేతులకు అదే పని.

*

చెప్పాలా వద్దా అని గురమ్మ మూడు రోజులు నలిగింది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకొని ఆముదం రాస్తున్నప్పుడూ, కోడలికి కాయం ఉండ చేసి నోటికి అందిస్తున్నప్పుడూ మాట నాలుక చివరికి వచ్చేది. చిన్నతల్లి ముఖం చూసి మింగేసేది. చెబితే మొగుడూ పెళ్లాల నడుమ ఏమి మిగులుతుంది? లక్ష్ముడు ఒక్కడే కొడుకు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఈ పిల్ల ఇద్దరినీ మళ్లీ అతుకుతుంది. అలా అనుకొని ఒక పూట నిమ్మళంగా ఉండేది. మర్నాడు పొద్దున చిన్నతల్లి మణికట్టు మీద కొత్తగా కమిలిన చోటు కనపడేది.

నాలుగో రోజు పొద్దెక్కాక మంచం వచ్చింది. లక్ష్ముడు గోగుతాడుతో దగ్గర దగ్గరగా అల్లి, గదిలో పెట్టి, మాట్లాడకుండా కళ్లానికి వెళ్లిపోయాడు. కమ్మీలు నడుము దాకా ఉన్నాయి. వీధి అవతలి ఇంటి అమ్మడు, గురమ్మకు వరసకు ఆడపడుచు, చేటలో చోళ్లు చెరుగుతూ మంచం దిగడం చూసి, చేట అరుగు మీద పెట్టి వచ్చింది.

"మంచి పని సేసేవు వదినా" అంది గది గుమ్మంలో నిలబడి, కమ్మీలు తట్టి చూస్తూ. "ఈ గుంటేనా దక్కుతాది. బోను కట్టినట్టే కట్టేడు జోగయ్య."

చిన్నతల్లి అక్కడే ఉంది. ఆ మాట తనది కానట్టు పిల్ల గుడ్డలు మడత పెడుతూనే ఉంది. గురమ్మ కొత్త కమ్మీలకు అంటిన పొట్టు కొంగుతో తుడిచింది. అమ్మడు మరో రెండు మాటలు చెప్పి తన చేట దగ్గరికి పోయింది.

కాసేపటికి పిల్ల ఏడుపు వినిపించింది. పొయ్యి దగ్గరున్న గురమ్మ, తల్లి తీసుకుంటుందిలే అనుకుంది. ఏడుపు ఆగలేదు. గుక్క పట్టింది. పరిగెత్తుకు వెళ్లి చూస్తే, చిన్నతల్లి కమ్మీలకు ఆనుకొని నిలబడి ఉంది. రొమ్ము పాలు కారి రవిక తడిసింది. చేతులు రెండూ చంకల్లో బిగించుకొని ఉంది.

"అత్తా, నువ్వు తీసి ఇయ్యి" అంది. "నాను ఒంగితే కళ్లు తిరుగుతన్నాయి. పడిపోతానేమో. దాని మీద పడిపోతానేమో."

గురమ్మ పిల్లను తీసింది. కోడలి ఒళ్లో పెట్టింది. పిల్ల రొమ్ము అందుకొని ఏడుపు మాని గుటకలు వేస్తున్నది. గురమ్మ కింద, మంచం కోడు దగ్గర కూర్చుంది. అక్కడినుంచి చూస్తే కోడలి ముఖం కనపడదు, కమిలిన చెయ్యి ఒక్కటే కనపడుతుంది. ఆ చెయ్యికేసి చూస్తూనే మాట్లాడింది.

"సిన్నతల్లీ, గుంటణ్ణి నువ్వు నలపనేదే."

చెయ్యి కదలలేదు.

"నాను కేకేస్తే నువ్వు లేసొచ్చినప్పుడు ఆడు బతికే ఉన్నాడు. నువ్వు రోకలి పట్టుకున్నాక లక్ష్ముడొచ్చి అదే మంచమ్మీద ఒరిగేడు. గుడ్డ కింద పిల్లడున్నాడని ఎరగడు. మొన్న బండి మీద ఆడే సెప్పేడు."

పిల్ల ఒక పక్క తాగడం ఆపితే చిన్నతల్లి రెండో పక్కకు మార్చుకుంది. మార్చుకుంటూ అడిగింది.

"బతికే ఉన్నాడని ఎలా తెలుసు?"

"ఈపుకి తగిలి కదిలేడంట."

"కదిలేడు" అంది చిన్నతల్లి. ఆ మాటను చేత్తో పట్టుకొని చూస్తున్నట్టు ఇంకోసారి అంది. "కదిలేడు." ఆ తరువాత, "గుడ్డ నానే కప్పేను. నిద్దట్లో లేసినా కప్పేను. అది కల్లో కప్పేననుకున్నాను ఇన్నాళ్లూ."

కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి గాని ఆమె తుడుచుకోవడం లేదు. రెండు చేతులూ పిల్లనే పట్టుకొని ఉన్నాయి.

"రెండేళ్లు. పక్కలో పడుకొని రెండేళ్లు ఇన్నాడు నా ఏడుపు" అంది.

గురమ్మ చేతులు జోడించబోయింది. చిన్నతల్లి అటు చూడలేదు.

"నాకు సెప్పీసి కూకుంటే అవదత్తా. ఈదిలో అన్నావు గదా. ఈదిలోనే సెప్పు."

గురమ్మ లేచింది. గోడ పట్టుకొని నడిచి, వసారా దాటి, వీధిలోకి వచ్చింది. అమ్మడు చోళ్లు చెరుగుతూనే ఉంది. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. గురమ్మ వారి ముందు నిలబడి, దాచకుండా, ఆపకుండా మొత్తం చెప్పింది. చెప్పి ఒగరుస్తూ నిలబడింది.

అమ్మడు చేట దించింది. పక్కనున్న ఇద్దరి ముఖాలూ చూసింది. లేచి వచ్చి గురమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంత మంచి అత్తవే వదినా!" అంది. ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి. "కోడలి మీద మచ్చ తుడవాలని కన్నకొడుకు మీద ఏసుకుంటన్నావు. ఇలాంటత్తని నానెక్కడా సూడనేదు."

"కాదే. నిజమే సెప్తన్నాను."

"ఊరుకో వదినా. పోనోడు పోనాడు. సిన్నతల్లి అలసటలో సేసినాది, దాన్ని ఇప్పుడెవులూ ఏటీ అనరులే. నువ్వెందుకు నీ కొడుకుని బజార్లో పెట్టుకుంటావు?"

మిగిలిన ఇద్దరూ తలలూపారు. గురమ్మ మళ్లీ చెప్పింది. ఎండిన బురద మాట చెప్పింది, గుడ్డ మాట చెప్పింది. ఎంత చెబితే అంతగా వాళ్ల ముఖాల్లో ఆమె మీద జాలి పెరుగుతున్నది. రెండేళ్ల కిందట ఇక్కడే నిలబడి ఒక్క మాట అంటే, సాక్ష్యం అడగకుండా ఊరంతా నమ్మింది. ఆ మాటను ఇప్పుడు తన చేతులతో తను పెరకలేకపోతున్నది.

ఆమె అక్కడి నుంచి తిన్నగా కళ్లానికి నడిచింది. లక్ష్ముడు నూర్పు ఆపి, ఎడ్లను విడిచి, గాలికి వడ్లు తూరుస్తున్నాడు. తల్లి రావడం చూసి చేట దించాడు. గురమ్మ ఊపిరి అందక మాటలు విడివిడిగా అంది.

"దానికి సెప్పీసినాను. ఈదిలో సెప్పేను. నా మాట నమ్మనేదురా. నువ్వు రావాల."

లక్ష్ముడు కుప్ప వైపు చూశాడు. పొట్టు గాలికి ఎగిరి దూరంగా పడుతున్నది. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, మళ్లీ ముఖం తుడుచుకున్నాడు. చివరికి అతను తలపాగా భుజాన వేసుకొని ఆమెకు ముందుగా నడిచాడు.

అమ్మడి అరుగు ముందు ఆగి, కళ్లెత్తకుండా అన్నాడు. "అమ్మ సెప్పింది నిజమే అత్తా. నా ఒంటి కిందే పోనాడు. సిన్నతల్లి తప్పు ఇసుమంతా నేదు. నాను పిరికోణ్ణి. సెప్పనేదు."

అమ్మడి చేతిలో చేట ఒరిగి చోళ్లు ఒళ్లో పడ్డాయి. ఆమె వాటిని ఎత్తుకోలేదు. పక్కనున్నవాళ్లలో ఒకామె లేచి, కొంగు నెత్తిన వేసుకొని, మారు మాటాడకుండా తన ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఊరు ఊరంతా తెలిసిపోతుంది. ఈసారి మెచ్చుకునే మాటలు ఎవరికీ ఉండవు.

తల్లీ కొడుకులు ఇంటికి వచ్చారు. గది తలుపు బార్లా తీసి ఉంది. కొత్త మంచంలో పిల్ల గుడ్డలు మాత్రమే ఉన్నాయి. పెద్ద మంచం మీద చిన్నతల్లి పక్కకు ఒత్తిగిలి పడుకొని ఉంది. రొమ్ము దగ్గర పిల్ల, పిల్ల మీదుగా ఆమె చెయ్యి. పిల్ల నిద్రపోతున్నది. చిన్నతల్లి కళ్లు మూసుకొనే ఉంది గాని, గుమ్మంలో మనుషులు వచ్చి నిలబడ్డారని ఆమెకు తెలిసింది.

లక్ష్ముడు గడప ఇవతల నిలబడ్డాడు. "సెప్పేను" అన్నాడు.

ఎండ గుమ్మంలోంచి గదిలోకి పాకి, మంచం అంచు ఎక్కి, పిల్ల పాదాల మీదికి వచ్చింది.

"పిల్ల మీద ఎండ పడతన్నాది" అంది చిన్నతల్లి కళ్లు తెరవకుండానే. "తలుపు దగ్గరకెయ్యి."

లక్ష్ముడు తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల నిలబడి వెయ్యాలో, బయట నిలబడి వెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాడు. తరువాత కాలు వెనక్కి తీసుకొని, చప్పుడు కాకుండా, బయటినుంచి దగ్గరకు వేశాడు.